బావులు త్రవ్వించిన పితరుడు ఇస్సాకు



అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల దేవా అని మనము ప్రార్థనలో ఎన్ని మారులు పలికి ఉంటామో లెక్కలేదు. ఈ ముగ్గురిలో మొదటివానిని గూర్చి ఎన్నో ప్రసంగములు విన్నాము, చివరివానిని గూర్చియు విన్నాము. నడిమివాని పేరు మాత్రము వంతెనవలె దాటిపోవుటకే తప్ప నిలిచి చూచుటకు కాదన్నట్లు అయిపోయినది. ఆదికాండములోని 50 అధ్యాయములలో ఇస్సాకు తానే ముఖ్యుడై నడిచిన అధ్యాయము ఒక్కటే, అది 26వది. మిగిలిన చోట్ల అతడు అబ్రాహాముకు కుమారుడు, లేదా ఏశావు యాకోబులకు తండ్రి.

అయినను మన సంఘములలోని వారికి ఇస్సాకు అందరికంటె దగ్గరి చుట్టమని నాకు తోస్తుంది. ఊరు విడిచి బయలుదేరినవాడు అబ్రాహాము. మనలో చాలామంది బయలుదేరినవారము కాము, బయలుదేరినవారి ఇంట పుట్టినవారము. తాత మూట నెత్తిన పెట్టుకొని వచ్చిన చోటనే మనము కండ్లు తెరచాము. తండ్రి పిలుపు విని వచ్చిన దేశములో, ఆ పిలుపు వినని కుమారుడు ఎట్లు బ్రతకాలి? ఆ నేల తనదని చెప్పుకొనుటకు కాగితము లేదు, విడిచి పోవుటకు సెలవు లేదు. ఇస్సాకు జీవితమంతయు ఈ రెంటి మధ్యనే గడిచినది.

హెబ్రీ భాషలో ఇస్సాకు అను పేరు నవ్వు అను మాటనుండి వచ్చినది. నూరేండ్ల తండ్రికి, తొంబది ఏండ్ల తల్లికి బిడ్డ పుట్టుననగా మొదట అబ్రాహాము నవ్వాడు, తరువాత గుడారము ద్వారము వెనుక శారా నవ్వినది. బిడ్డ పుట్టినప్పుడు ఆమె నవ్విన నవ్వు వేరు. పితరులు ముగ్గురిలో ఇద్దరి పేర్లను దేవుడు నడుమ మార్చాడు. ఇస్సాకు పేరు మార్చలేదు. అది పుట్టకమునుపే దేవుడు పెట్టిన పేరు.

మోరీయా కొండను గూర్చి మనకందరికీ తెలియును గనుక ఇక్కడ ఎక్కువ వ్రాయను. ఒక్క సంగతి మాత్రము చెప్పాలి. మన సండే స్కూలు పటములలో ఇస్సాకును పసివానిగా గీస్తారు. గ్రంథములో అతని వయస్సు లేదు. యూదుల చరిత్రకారుడు జోసీఫసు 25 సంవత్సరములని వ్రాశాడు, యూదా బోధకులు కొందరు 37 అన్నారు. దహనబలికి చాలినన్ని కట్టెలు మోసికొని కొండ ఎక్కగలవాడు చంటిబిడ్డ కాడు గదా. నూరేండ్లు దాటిన తండ్రి చేతులు కట్టుచుండగా, త్రోసివేసి పరుగెత్తగలిగినవాడు పరుగెత్తలేదు. ఆ దినమున విశ్వాసము తండ్రి ఒక్కనిదే కాదు.

కొండ దిగిన తరువాత అబ్రాహాము తన పనివారియొద్దకు తిరిగి వచ్చెనని ఉన్నది. కుమారుని మాట అక్కడ లేదు. మరల ఇస్సాకు మనకు కనబడునప్పటికి అతడు బెయేర్ లహాయిరోయి అను బావి దగ్గరనుండి వస్తున్నాడు. ఆ బావి ఎవరిది? యజమానురాలు పెట్టిన శ్రమ ఓర్వలేక పారిపోయిన హాగరును దేవుని దూత కనుగొన్న నీటి ఊట అది. తనను చూచుచున్న దేవుడని ఆమె పేరు పెట్టి మొరపెట్టిన చోటు. తరువాతి కాలమున ఇస్సాకు పాలు విడిచిన విందు తరువాత ఆ హాగరు, ఆమె కుమారుడు ఇష్మాయేలు ఇల్లు విడిచి పోవలసివచ్చినది. తన నిమిత్తము గెంటివేయబడిన స్త్రీని దేవుడు చూచిన స్థలము దగ్గర ఇస్సాకు కాపురముండుట నాకు చిన్న విషయముగా కనబడదు. అబ్రాహాము 175 ఏండ్లకు మరణించినప్పుడు ఇస్సాకు, ఇష్మాయేలు ఇద్దరును కలిసి తండ్రిని పాతిపెట్టారు.

వివాహమునాటికి అతని వయస్సు 40. తల్లి శారా 127 ఏండ్లకు మరణించి అప్పటికి మూడేండ్లయినది, ఆ దుఃఖము ఇంకను తీరలేదు. తండ్రి పంపిన దాసుడు పది ఒంటెలతో పోయి రిబ్కాను తీసికొని వచ్చు సాయంకాలమున, ఇస్సాకు పొలములో ధ్యానించుచు నడుస్తున్నాడు. ఆమెను తల్లి గుడారములోనికి తీసికొనిపోయి ప్రేమించి ఊరట పొందాడు.

వారికి ఇరువది ఏండ్లు బిడ్డలు లేరు. మన ఇండ్లలో ఇట్టి స్థితిలో చుట్టాలు ఏమంటారో, ఏమి సలహాలు ఇస్తారో మీకు తెలియనిది కాదు. ఇస్సాకు ఇంటిలోనే దానికి ఒక దారి ఉండినది, తండ్రి ఆ దారినే నడిచి హాగరును చేర్చుకొన్నాడు. ఇస్సాకు ఆ దారి త్రొక్కలేదు. భార్య విషయమై దేవుని వేడుకొన్నాడు. పితరులు ముగ్గురిలో ఒకే భార్యతో జీవితము గడిపినవాడు ఇతడే. 60వ ఏట కవలలు పుట్టారు. అబ్రాహాము అప్పటికి బ్రతికియున్నాడు, తాత చనిపోవునాటికి ఏశావు యాకోబులకు పదునైదేండ్లు.

ఇక 26వ అధ్యాయములోనికి వద్దాము. దేశములో కరవు వచ్చినది. కరవు వస్తే ఐగుప్తుకు పోవుట ఆ కాలపు వాడుక, అక్కడ నైలు నది ఎండదు. అబ్రాహాము అట్లే పోయాడు, తరువాత యాకోబు కుటుంబమంతయు అట్లే పోయినది. ఇస్సాకును మాత్రము దేవుడు పోవద్దన్నాడు. ఈ దేశములోనే పరదేశిగా ఉండుమన్నాడు. అతడు గెరారులో ఉండిపోయాడు. ముగ్గురు పితరులలో కనాను ఎల్లలు దాటి కాపురము చేయనివాడు ఇతడొక్కడే. బయలుదేరుట ఎంత విశ్వాసమో, కరవు దినములలో కదలకుండుట అంత విశ్వాసమని అబ్రాహాము కథ చదివినప్పుడు మనకు తట్టదు.

ఉండిపోయినవాడు వెంటనే తడబడ్డాడు కూడ. రిబ్కా చక్కనిది గనుక ఆ చోటి మనుష్యులు తనను చంపుదురేమోయని భయపడి, ఆమె తన సహోదరి అని చెప్పాడు. తండ్రి రెండు మారులు చేసిన తప్పునే కుమారుడును చేశాడు. చివరకు ఆ దేశపు రాజు అబీమెలెకు కిటికీలోనుండి చూచి నిజము గ్రహించి అతనిని గద్దించాడు. దేవుని ఎరుగని రాజు దేవుని మనుష్యునికి నీతి చెప్పవలసివచ్చినది. గ్రంథము దీనిని దాచలేదు.

ఆ సంవత్సరమే ఇస్సాకు ఆ నేలలో విత్తనము వేసి నూరంతలు కోశాడు. పితరులలో విత్తి కోసెనని వ్రాయబడినవాడు ఇతడే, మిగిలినవారు మందలు మేపినవారు. గెరారు గాజాకు బెయేర్షెబాకు నడుమనున్న ప్రాంతము. బెయేర్షెబాలో ఏడాదికి సుమారు 200 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన అనంతపురములో పడు వానలో అది సగమైనను కాదు. అట్టి నేలలో, ఒకరి రాజ్యములో, విత్తనము వేయుట ఎట్టిదో తుంగభద్ర కాలువ క్రింద తొలిదినములలో కౌలుకు చేసిన మన పెద్దలను అడిగితే చెప్పియుందురు.

పంటతోపాటు అసూయ కూడ పండినది. మందలు, దాసులు పెరిగేకొలది ఫిలిష్తీయుల చూపు మారినది. అబ్రాహాము కాలములో త్రవ్విన బావులన్నిటిని వారు మన్నుపోసి పూడ్చివేశారు. ఇక్కడ కొంచెము ఆగి ఆలోచించాలి. నీరు కరవైన దేశములో బావిని పూడ్చిన వానికి ఏమి లాభము? తనకును నీరు పోవును గదా. కాని ఆ కాలమున బావి త్రవ్వినవానికి ఆ చుట్టుపట్ల మేతపై హక్కు నిలుచును, బావియే అతని పట్టా. అది ఉన్నంతకాలము, ఈ పరదేశి తండ్రి ఇక్కడ ఉండెనని చెప్పుటకు సాక్ష్యము ఉంటుంది. ఆ సాక్ష్యమును చెరుపుటకే వారు తమకు అక్కరకు వచ్చు నీటిని కూడ పోగొట్టుకొన్నారు. తరువాత అబీమెలెకు తానే వచ్చి, నీవు మాకంటె బలవంతుడవైతివి, మాయొద్దనుండి వెళ్లుమన్నాడు.

ఇస్సాకు వాదించలేదు. గెరారు లోయకు పోయి గుడారము వేసికొన్నాడు. మొదట చేసిన పని, తండ్రి బావులను మరల త్రవ్వించుట. వాటికి తండ్రి పెట్టిన పేర్లనే మరల పెట్టాడు. తనకు పేరు రావలెనని తలచినవాడైతే క్రొత్త పేర్లు పెట్టుకొనియుండును. రెండవ తరమువారు చేయవలసిన పని ఏమిటని ఎవరైన నన్ను అడిగితే ఈ ఒక్క వచనము చూపిస్తాను. బిడ్డలకు తెలుగు చదువు నేర్పుట, పాత కీర్తనలు మరువకుండ పాడించుట, ముందటి సంఘపెద్దల పేర్లు చెప్పుట, ఇవన్నియు ఆ మన్ను తోడు పనిలో చేరును.

అతడు పాత బావులతో ఆగిపోలేదు. లోయలో త్రవ్వగా ఊరెడు నీళ్ల బావి దొరికినది. గెరారు కాపరులు ఆ నీరు తమదేనని జగడమాడారు. అతడు దానికి ఏశెకు, అనగా జగడమని పేరు పెట్టి విడిచిపెట్టాడు. మరియొకటి త్రవ్వించాడు. దానికొరకును కలహమే. దానికి శిత్నా, అనగా విరోధమని పేరు. దానిని కూడ విడిచాడు. అక్కడనుండి కదలి మూడవది త్రవ్వించాడు, దానికొరకు ఎవరును జగడమాడలేదు. దాని పేరు రహెబోతు, అనగా ఎడము, విశాలమైన చోటు.

ఈ భాగమును చదివి ఇస్సాకు పిరికివాడని చెప్పు వ్యాఖ్యానకర్తలు ఉన్నారు. నేను వారితో ఏకీభవించను. అతడు బావులను విడిచాడు గాని దేశమును విడువలేదు. చేతులతో, గుద్దలితో, గంపతో త్రవ్వు కాలములో ఒక్కొక్క బావి ఎంతమంది చెమటయో ఆలోచించండి. ఇప్పటి బెయేర్షెబా దగ్గర పురాతన దిబ్బలో త్రవ్వకములు జరిగినప్పుడు దాదాపు 70 మీటర్ల లోతుగల ఒక బావి బయటపడినది. అది ఇస్సాకు కాలము తరువాతిదని పరిశోధకులు చెప్పారు గాని, ఆ నేలలో నీరు ఎంత లోతున ఉండగలదో దానివలన తెలుస్తుంది. అంత కష్టపడినది రెండు మారులు పోయిన తరువాత మూడవసారి గుద్దలి ఎత్తుటకు పిరికితనము చాలదు.

అతని మెత్తదనములో కపటము కూడ లేదు. బెయేర్షెబాకు పోయిన రాత్రి దేవుడు అతనికి ప్రత్యక్షమయ్యాడు. అక్కడ అతడు బలిపీఠము కట్టి ప్రార్థన చేసి, గుడారము వేసి, మరల బావి త్రవ్వుట మొదలుపెట్టించాడు. అప్పుడు అబీమెలెకు, స్నేహితుడైన అహుజ్జతుతోను సేనాపతి ఫీకోలుతోను సంధి చేసికొనుటకు వచ్చాడు. మీరు నన్ను ద్వేషించి పంపివేసితిరి గదా, ఇప్పుడెందుకు వచ్చితిరని ఇస్సాకు ముఖాముఖి అడిగాడు. ఏమియు జరుగనట్లు నటించలేదు. అడిగిన తరువాత విందు చేశాడు. తెల్లవారి ఇరుపక్షములు ప్రమాణము చేసికొని సమాధానముగా విడిపోయారు. ఆ దినమే దాసులు వచ్చి నీళ్లు పడినవని చెప్పారు.

ఇంతవరకు అతనిని మెచ్చుకొంటూ వచ్చాము. ఇక కష్టమైన భాగము. ముసలితనమున ఇస్సాకు కండ్లు మందగించినవి. యాకోబు వయస్సునుండి వెనుకకు లెక్క కట్టితే ఆశీర్వాదము జరిగిన దినమునకు ఇస్సాకుకు సుమారు 137 సంవత్సరములు. అన్న ఇష్మాయేలు చనిపోయినది సరిగా 137వ ఏటనే. తన మరణదినము ఎప్పుడో తెలియదని ఇస్సాకు తొందరపడుటలో అన్న వయస్సు మనస్సులో ఉండవచ్చునని కొందరు పండితులు చెప్పుట నాకు సబబుగానే ఉన్నది.

బిడ్డలు గర్భములో ఉన్నప్పుడే పెద్దవాడు చిన్నవానికి దాసుడగునని దేవుడు రిబ్కాకు చెప్పాడు. ఇస్సాకు మాత్రము వేటమాంసము రుచికి లోబడి ఏశావును ప్రేమించాడు. హిత్తీయుల కుమార్తెలను పెండ్లిచేసికొని ఏశావు తలిదండ్రుల మనస్సు నొప్పించినను ఆ పక్షపాతము పోలేదు. అందరి ఎదుట చేయవలసిన ఆశీర్వాదమును ఒక్కనిని పిలిచి రహస్యముగా చేయబూనుకొన్నాడు. భార్య చాటున విన్నది. చిన్నవాడు మేకపిల్లల చర్మములు చేతులకు కట్టుకొని అన్నపేరు చెప్పాడు. నలుగురున్న ఇంటిలో ఒకరితో ఒకరు నిజము మాట్లాడినవారు లేరు. ఈ ఇల్లు ఇట్లగుటకు కండ్లు మందగించిన తండ్రి పాలు తక్కువేమియు కాదు.

ఏశావు వేటనుండి వచ్చి నిలువగా ఇస్సాకు మిక్కిలి గడగడ వణికాడు. ఆ వణకుటలోనే అతని విశ్వాసము దాగియున్నదని నా నమ్మకము. మోసపోయిన తండ్రికి శపించుటకు నోరున్నది, యాకోబు కూడ ఆ శాపమునకే భయపడ్డాడు. ఇస్సాకు శపించలేదు. ఇచ్చిన దీవెనను వెనుకకు తీసికొనలేదు, యాకోబు దీవింపబడినవాడేనని నిలిపాడు. తాను ఒకటి తలచగా దేవుడు తన చేతితోనే మరియొకటి చేయించెనని ఆ ముసలివాడు గ్రహించి లోబడ్డాడు. ఏశావు బిగ్గరగా ఏడ్చినను ఆ మాట మారలేదు. తరువాత యాకోబును పద్దనరాముకు పంపునప్పుడు, ఈసారి ఎవరో తెలిసియే, అబ్రాహాము ఆశీర్వాదమును అతనికి పలికాడు. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయములో ఇస్సాకు విశ్వాసమునకు గుర్తుగా మోరీయాలో అతడు చూపిన లోబాటును గాని బావులను గాని చెప్పలేదు. కుమారులను దీవించిన ఆ దినమునే చెప్పినది. అతని ఇంటికి అంతకంటె సిగ్గుపడవలసిన దినము లేదు గదా. మోరీయాలో కట్టబడినది దేహము, ఇక్కడ విడిచినది తన ఇష్టము.

చావు దగ్గరపడినదనుకొన్నవాడు ఆ తరువాత ఇంకను 43 ఏండ్లు బ్రతికాడు. యాకోబు దూరదేశములో మామ ఇంట ఇరువది ఏండ్లు కొలువు చేసి తిరిగి వచ్చుచుండగా గిలాదు కొండపై లాబాను అతనిని కలిసికొన్నాడు. అక్కడ యాకోబు తన తండ్రియైన ఇస్సాకు భయపడిన దేవుని తోడు అని ప్రమాణము చేశాడు. ఏ తండ్రిని మోసగించి పారిపోయాడో, ఆ తండ్రియొక్క భయభక్తులపైనే ఒట్టు పెట్టుకొన్నాడు. మన బిడ్డలు మనలను గూర్చి ఏమి జ్ఞాపకముంచుకొందురో మనము నిర్ణయించలేము. చూపు లేని ముసలివాని వణకుట ఆ కుమారుని మనస్సులో అట్లు నిలిచిపోయినది.

తరువాతి తరములలో ఇస్సాకు పేరు అరుదుగానే వినబడుతుంది. క్రీస్తుకు పూర్వము 8వ శతాబ్దములో ఆమోసు ప్రవక్త ఇశ్రాయేలు జనమును ఇస్సాకు సంతతి అని పిలిచాడు. గలతీయులకు వ్రాసిన పత్రికలో పౌలు విశ్వాసులను ఇస్సాకువలె వాగ్దానపు కుమారులన్నాడు. బెయేర్షెబా దిబ్బను యునెస్కో 2005లో ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చినది. 1890లో యూదులు కొందరు తాము స్థాపించిన క్రొత్త పల్లెకు రహెబోతు అని ఆ మూడవ బావి పేరే పెట్టుకొన్నారు. అది నేడు ఇశ్రాయేలులో ఒక పెద్ద పట్టణము.

యాకోబు తిరిగి హెబ్రోను దగ్గరనున్న మమ్రేకు వచ్చి తండ్రిని చేరుకొన్నాడు. యోసేపును అన్నలు అమ్మివేసి, రక్తము పూసిన అంగీని తండ్రికి పంపిన దినమునకు ఇస్సాకు బ్రతికియే ఉన్నాడు, వయస్సు 168. మనుమని కొరకు కుమారుడు ఏడ్చిన ఏడ్పును అతడు పండ్రెండేండ్లు విన్నాడు. 180వ ఏట మరణించగా ఏశావు, యాకోబు ఇద్దరును కలిసి అతనిని మక్పేలా గుహలో పాతిపెట్టారు. రిబ్కా కూడ అక్కడనే ఉన్నది. అబ్రాహాము శారా సమాధి కొరకు హిత్తీయుడైన ఎఫ్రోనునొద్ద 400 తులముల వెండికి కొన్న ఆ గుహయు, దాని పొలమును తప్ప కనానులో ఇస్సాకుకు కొన్న నేల వేరే లేదు. ఆ గుహపై హేరోదు కాలమున కట్టిన గొప్ప రాతిగోడ నేటికిని హెబ్రోనులో నిలిచియున్నది. యూదులు, ముస్లిములు ఇరువురును అక్కడికి ప్రార్థనకు వస్తారు. సమాధి చేసిన ఆ సంవత్సరమున యోసేపు ఐగుప్తు చెరసాలలో ఉన్నాడు. ఫరో అతనిని పిలిపించుటకు ఇంక ఏడాది ఉన్నది.